కింద పానశాల – పైన పడకగది

బాలాపూర్ నుంచి పహాడీ షరీఫ్ మీదుగా షంషాబాదు విమానాశ్రయం వైపు పోయే దారుల్లో, ఆ చుట్టుపక్కల వూళ్ళలో, ఈ పది పదిహేనేళ్ళలో లేచిన మేడలను చూసినవారికి ఒక దృశ్యం బాగా పరిచయమై వుంటుంది. కింది అంతస్తులో బార్ అండ్ రెస్టారెంటు. దాని పక్కనుంచి ఇరుకు మెట్లు. మెట్లెక్కితే వరసగా గదులు, గదికొక నెంబరు, పైన లాడ్జి అని బోర్డు. అర్ధరాత్రి దాటి బయలుదేరే విమానాలు ఎక్కడానికి ఉత్తర తెలంగాణ జిల్లాలనుంచి వచ్చిన గల్ఫు కూలీలు, వాళ్ళను సాగనంపవచ్చిన తల్లిదండ్రులు ఆ గదుల్లో పూటో రాత్రో తలదాచుకుంటారు. దిగినవాళ్ళు మాత్రం ఆ సంగతి గొప్పగా చెప్పుకోరు. ఆడపిల్లతో వచ్చిన తండ్రి మెట్ల దగ్గరే నిలబడి అటూ ఇటూ చూస్తాడు.

ఇంగ్లండులో కొన్నేళ్ళు వుండి వచ్చిన మిత్రుడొకడు ఆ మధ్య నాతో ఆ దారినే ప్రయాణం చేస్తూ, అక్కడి పల్లెల్లో తాను బసచేసిన పాత పబ్బులను గురించి మురిసిపోతూ చెప్పాడు. నల్లబడిన దూలాలు, వంగి నడవవలసిన గుమ్మాలు, అడుగు వేస్తే మూలిగే చెక్క మెట్లు, కింద పొయ్యిలో మంట, వూరివాళ్ళ కబుర్లు, పైన చిన్న గది, తెల్లవారి గుడ్లూ రొట్టే. ఆ వూరి డాక్టరూ, పాలేరూ అక్కడే తాగుతారట. పెళ్ళాం బిడ్డలతో దిగినా ఎవరూ వింతగా చూడరట. "మనకు అటువంటిది ఎందుకు లేకపోయింది? కిందను తాగడం, పైన పడుకోవడం మన దగ్గరా వుంది గదా, ఇక్కడ అది ఎందుకింత నీచమైపోయింది?" అని అతని ప్రశ్న. తాగుడు పాపమన్న నీతితో దీనికి జవాబు చెప్పేవారున్నారు. నాకా జవాబు చాలలేదు. బాటసారికి ఎవరు చోటిచ్చారు, ఎవరికిచ్చారు, ఏ లెక్కన ఇచ్చారు అన్నది చూస్తేగాని ఈ చిక్కు విడిపోదు.

ముందు ఇంగ్లండు సంగతి చూద్దాం. మనం ఈనాడు పబ్బు అని ఒకే పేరుతో పిలిచేది పూర్వం మూడు రకాలు. బీరు కాచి అమ్మే ఏల్‌హౌసు పేదవాడిది. ద్రాక్షసారా అమ్మే టావర్న్ పట్నపు డబ్బున్నవాడిది. ఇన్ అనేది ప్రయాణికుడిది. దానికి గుర్రాలశాల వుండాలి, భోజనం వుండాలి, రాత్రి పడక వుండాలి. చాసర్ మహాకవి తన కథల్లోని యాత్రికులందరినీ మొదట కూడేసింది లండనుకు నదికి ఆవలివైపున వున్న సదర్క్‌లో టాబర్డ్ అనే ఇన్నులోనే. మిల్లరు, సన్యాసిని, యోధుడు, వంటవాడు, అయిదుసార్లు పెళ్ళాడిన బాత్ పట్నపు ఇల్లాలు, అంతా ఒక బల్లదగ్గర. అదే సదర్క్ వీధిలో 1676 అగ్నిప్రమాదం తరువాత తిరిగి కట్టిన జార్జ్ ఇన్ను చెక్క వసారాలతో ఈనాటికీ నిలిచివుంది. దాన్ని 1937లో నేషనల్ ట్రస్టు స్వాధీనం చేసుకున్నది. రైళ్ళు వచ్చాక గుర్రపుబండ్ల దారులు పాడుబడి, వందలాది ఇన్నులు పైగదులు మూసుకొని వట్టి పానశాలలై మిగిలాయి. ఈ మూడు రకాలూ కలిసిపోయి ఒక్క పబ్బు అయింది చాలామట్టుకు ఆ తరువాతనే.

ఐతే, ఇక్కడ గమనించవలసిన విషయం దూలాలూ కాదు, బీరూ కాదు. చట్టం. మధ్యయుగాలనుంచి ఇంగ్లీషు వాడుక చట్టంలో ఒక నియమం వుంది. ఇన్ను నడిపేవాడు బాటసారిని కాదనడానికి వీల్లేదు. గది ఖాళీగా వున్నంతవరకు, వచ్చినవాడు సరసమైన సొమ్ము చెల్లించగలిగినంతవరకు, తాగి తూలుతూ రానంతవరకు, అతన్ని లోపలికి రానివ్వాలి. అతని సామానుకు కాపలా వుండాలి. సామాను సంగతి 1584లో కేలీ దావాలో కోర్టు ఖచ్చితం చేసింది. 1835లో ఒక ఇన్ను యజమాని ఆదివారం రాత్రి పొద్దుపోయి వచ్చిన ప్రయాణికుడికి తలుపు తీయలేదు. పేరు చెప్పమంటే ఆ ప్రయాణికుడు చెప్పలేదట కూడా. పొద్దుపోవడం గాని, ఆదివారం కావడం గాని, పేరు చెప్పకపోవడం గాని తలుపు మూయడానికి సాకు కాదని చెప్పి న్యాయమూర్తి యజమానికి జుల్మానా వేయించాడు. 1956లో పార్లమెంటు హోటళ్ళ యజమానుల చట్టం చేసినప్పుడు కూడా ఈ పాత నియమాన్ని దాదాపు పాత మాటలతోనే నిలిపింది.

ఈ నియమం అంతా ఇన్నుకే. బాటసారికి పడక ఇచ్చే ఇంటికే. వట్టి పానశాలవాడికి ఈ బాధ్యత లేదు. అతను తన ఇష్టం వచ్చినవాడికి పోస్తాడు, ఇష్టంలేనివాడిని పొమ్మంటాడు, కారణం చెప్పనక్కరలేదు. అంటే ఆ ఇంటిని లోకమందరికీ తెరిచిపెట్టే బాధ్యత కింది బల్లవల్ల రాలేదు, పైగదివల్ల వచ్చింది. మా మిత్రుడు మెచ్చుకున్న మెట్లు ఎంత మూలిగినా ఈ సంగతి చెప్పవు కాబోలు.

అంతమాత్రాన ఇంగ్లీషువాడు సమతాధర్మం పుట్టించాడని భ్రమపడనక్కరలేదు. చట్టం 'సొమ్ము చెల్లించగలవాడు' అన్నది గాని 'మనిషి' అనలేదు. చెల్లించలేనివాడు ఆరుబయట పడుకుంటే 1824 నాటి దేశదిమ్మరుల చట్టం కింద జైలు. పబ్బులోపల కూడా విక్టోరియా రాణి కాలంనుంచి చెక్క గోడలు లేచాయి. కూలివాడికి పబ్లిక్ బారు, నేలమీద రంపపుపొట్టు. గుమాస్తాకూ దుకాణదారుకూ సెలూన్ బారు, తివాచీ, అదే బీరుకు ఒక పెన్నీ ఎక్కువ. వర్తకం సాగాలంటే వర్తకుడు రాత్రిపూట ఎక్కడో ఒకచోట నిర్భయంగా పడుకోవాలి. ఇన్ను చట్టం పుట్టింది ఆ అవసరంలోంచి. కాని ఒక అవసరానికి పుట్టిన నియమం, వేరొకరి చేతిలో, వేరొక పనికి వస్తుంది. ఎలా వచ్చిందో తరువాత చెప్తాను.

ఇప్పుడు మన సంగతి. సొమ్ము తీసుకొని అన్నం పెట్టడం మనకు తెల్లవాడు నేర్పిన విద్య అనుకునేవారు క్రీడాభిరామం చూడాలి. వినుకొండ వల్లభరాయని ఆ చిన్న కావ్యంలో మంచనశర్మ అనే బ్రాహ్మణుడూ టిట్టిభసెట్టి అనే కోమటీ కాకతీయుల ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. ఆకలి వేస్తుంది. లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు కప్పురభోగి వరి అన్నంనుంచి గోధుమపిండి వంటల దాకా విందు దొరుకుతుందని కవి పేరుపేరునా ఏకరువు పెడతాడు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఇటువంటి కావ్యాలనే తవ్వి మన పూర్వుల తిండీ బట్టా ఆటలూ బయటపెట్టారు. రాజుల వంశవృక్షాలు తప్ప చరిత్ర లేదనుకునే రోజుల్లో పూటకూటిలో చరిత్ర చూసిన దృష్టి అది. అంటే పూటకు ఇంత అని కూడు అమ్మే ఇల్లు, పూటకూళ్ళిల్లు, మనకు ఆరువందల ఏళ్ళ కింద వాడుకలో వున్నదే. రూక వుంటే భోజనం వుంది. అన్నం సరకైంది. అక్కడిదాకా ఓరుగల్లు సదర్క్‌కు ఏమీ తీసిపోలేదు.

కాని ఆ రూక అందరి చేతిలోనూ ఒకే విలువ చేసేదా? బ్రాహ్మణుడూ వైశ్యుడూ తినే పంక్తిలో మాలవాడు తన రూక పారేసి కూర్చోగలడా? కావ్యం ఆ ప్రశ్న వేయలేదు, వేయవలసిన అవసరం ఆ కవికి తోచనూ లేదు. ఇంగ్లండులో సొమ్ము గలవాడిని ఆపడానికి యజమానికి హక్కు లేదు. ఇక్కడ సొమ్ము మాట వచ్చేలోగానే పుట్టుక మాట వచ్చింది. మన బాటసారి చరిత్రంతా ఈ ఒక్కచోటనే మలుపు తిరిగింది.

అయిదువందల సంవత్సరాలు దాటి కన్యాశుల్కం దగ్గరకు రండి. గురజాడ 1909లో తిరగరాసి అచ్చువేయించిన ఆ నాటకంలో విజయనగరం పూటకూళ్ళమ్మ వుంది. గిరీశం ఆవిడ ఇంట తిని, ఆవిడ సొమ్ము వాడుకొని, చివరికి ఆవిడ చీపురుకట్టకు భయపడి మధురవాణి ఇంట మంచం కింద దూరుతాడు. విధవరాలైన బ్రాహ్మణ స్త్రీకి బతుకుతెరువుగా మిగిలిన వృత్తుల్లో పూటకూళ్ళు ఒకటి. మడి కట్టుకొని వండి వార్చే చేయి కాబట్టి ఆ అన్నం అగ్రకులాలకు చెల్లుతుంది. వండే మనిషి మాత్రం లోకం నోళ్ళలో నానుతుంది. అదే నాటకంలో ఇంకొక చోట సారా దుకాణం దగ్గర రంగముంది. బైరాగి, హవల్దారు, దుకాణదారు, మరికొందరు కూడి తాగుతూ వేదాంతం మాట్లాడుకుంటారు. అక్కడ మడి లేదు, పంక్తి లేదు. బ్రహ్మజ్ఞానం సీసాలోంచి వస్తూంది. గురజాడ ఎగతాళి ఎవరిమీదనో ఆ సంగతి అలావుంచి, ఆయన చూపించిన రెండు ఇళ్ళనూ పక్కపక్కన పెట్టి చూడండి. పూటకూళ్ళింట అన్నం వుంది, బస వుంది, కులం వుంది, తాగుడు లేదు. సారా దుకాణంలో తాగుడు వుంది, నలుగురి పొత్తు వుంది, బస లేదు. ఇంగ్లీషు ఇన్ను మన దగ్గర రెండు ముక్కలుగా వుంది. ముక్కలు చేసింది కులం. తినేచోటా పడుకునేచోటా మైలపడకూడదు గనుక, అందరూ కలిసే చోటికి తినే హక్కూ పడుకునే హక్కూ ఇవ్వలేదు.

సత్రాల సంగతి చెప్పకపోతే అన్యాయం చేసినట్లే. రాజులూ జమీందారులూ కోమట్లూ కట్టించిన సత్రాలు తెలుగుదేశమంతటా వున్నాయి. పైసా తీసుకోకుండా చోటిచ్చారు, చాలాచోట్ల అన్నమూ పెట్టారు. కాని ఎక్కువ సత్రాల్లో అన్నం బ్రాహ్మణునికి, అరుగు ఇతర కులాలకు, చెట్టునీడ మిగిలినవాడికి. దానం చేసినవాడు పుణ్యంకోసం చేశాడు. పుణ్యం ఎవరికి పెడితే వస్తుందో శాస్త్రం ముందే చెప్పింది. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు వేళగాని వేళ వచ్చిన ఎవరికైనా కులం అడక్కుండా వడ్డించిందని ఈనాటికీ చెప్పుకుంటున్నామంటే, మిగతావారు అడిగారన్నమాట.

ఈ ఏర్పాటులో డబ్బూ హోదా వున్న పెద్దమనిషి ప్రయాణం కూడా ఎంత బరువైనదో ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చూస్తే తెలుస్తుంది. ఆయన చెన్నపట్టణం సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న బయలుదేరి, కడప, కర్నూలు సీమలగుండా హైదరాబాదు వచ్చి, కాశీ చూసి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. వెంట సుమారు వందమంది పరివారం, పల్లకీ బోయీలు, గుడారాలు. మజిలీ మజిలీకీ దిగడానికి వసతి వుందా, నీళ్ళున్నాయా, పదార్థాలు దొరుకుతాయా అని రాసిపెట్టాడు. 1838లో పుస్తకంగా అచ్చయిన ఆ రాతలు తరువాతి బాటసారులకు దారి చెప్పే దస్తావేజు. ఇంగ్లండులో ఆ సంవత్సరాల్లోనే ఒక గుమాస్తా ఒంటరిగా, చేతిసంచీతో, బండిదిగి ఏ ఇన్నుకైనా పోగలిగాడు. మన దుబాసీ తన ఇంటిని మోసుకొని తిరిగాడు.

కులం లెక్క లేకుండా చోటిచ్చింది మన సీమలో సరాయి. గోల్కొండ సుల్తానుల కాలానిది శేఖ్‌పేట సరాయి ఈనాటికీ కనిపిస్తుంది. రెండంతస్తుల కట్టడం, సుమారు ముప్ఫై గదులు, గుర్రాలకూ ఒంటెలకూ శాలలు, మసీదు. గోల్కొండ కోటకు చేరే వర్తకులు అక్కడ దిగేవారు. కార్వాన్ అనే పేటకు ఆ పేరు బిడారులవల్ల వచ్చిందే. సరాయిలో మతం అడగలేదు, కులం అడగలేదు. కాని అక్కడ ఎవరి పొయ్యి వారిది, ఎవరి కుండ వారిది. ఒక కప్పు కింద పడుకున్నారు గాని ఒక బల్లదగ్గర తినలేదు. ఇక తాగడమంటారా? సరాయిలో అది లేదు, పట్నంలో పుష్కలంగా వుంది. గోల్కొండ వజ్రాలకోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే భాగ్యనగరపు సాయంకాలాలను వర్ణిస్తూ, తోలుతిత్తుల్లో కల్లు నింపిన గుర్రాలు రోజూ వందలకొద్దీ పట్నంలో ప్రవేశిస్తాయనీ, ఆ పన్నువల్ల సుల్తానుకు మంచి ఆదాయమనీ రాశాడు. కల్లు వెనక ఖజానా నిలబడటం అప్పటికే వుంది. ఆసఫ్‌జాహీల కాలానికి ఆబ్కారీ రాజ్యపు పెద్ద ఆదాయాల్లో ఒకటైంది.

ఆ కల్లు మండువను చూడని తెలంగాణ మనిషి అరుదు. ఈత చెట్టో తాటి చెట్టో, దానికి పన్ను. మోకూ ముస్తాదూ కట్టుకొని పానం అరచేత పెట్టుకొని ఎక్కే గీతగాడు. కింద లొట్లు, ముంతలు, గుడాలు, వేయించిన బోటి. బాలాపూర్ వంటి వూళ్ళు పట్నపు అంచులో పొలాలుగా వున్నంతకాలం పొద్దుగూకితే కూలివాడి కబుర్లకు ఆ మండువే చావడి. ఆడవాళ్ళూ కూర్చుంటారు, పబ్బులో ఇల్లాలు కూర్చోవడాన్ని మెచ్చుకున్న మా మిత్రుడికి ఇది కనపడలేదు, ఎందుకంటే అక్కడ కూర్చునేది కూలి తల్లి. ఈ మండువను మద్యపాన సమస్యగా చూసినవారు ఎందరో. మనుషులు కూడే చోటుగా చూసినవారు తక్కువ. గీత కార్మికులను సంఘంగా కూడగట్టిన బొమ్మగాని ధర్మభిక్షంగారికి ఆ చెట్టుమీదా చెట్టుకిందా వున్న శ్రమ తెలుసు. హైదరాబాదులో కల్లు దుకాణాలను 2004లో మూయించారు, 2014లో తిరిగి తెరిపించారు. కల్తీ కల్లు ప్రాణాలు తీసిన మాట నిజం, దాన్ని కప్పిపుచ్చవలసిన పనిలేదు. నేను చెప్పేది ఒక్కటే: ఆ మండువకు ఏనాడూ పైగది లేదు. అక్కడ తాగేవాడికి ప్రయాణం లేదు, ప్రయాణం చేసినా గది తీసుకునే సొమ్ము లేదు, సొమ్మున్నా చోటిచ్చేవాడు లేడు.

మరి ఇన్ను తెలిసిన ఇంగ్లీషువాడు మన దగ్గరకు వచ్చి ఏం చేశాడు? 1611లో మచిలీపట్నంలో ఓడ దిగి వర్తకశాల పెట్టుకున్నాడు. చెన్నపట్టణంలో నావికులకోసం పంచ్ హౌసులు లేచాయి. 'పంచ్' అనే మాట మన 'పంచ'నుంచే పోయిందంటారు. హుస్సేన్‌సాగరుకు ఉత్తరాన తన పటాలాలకు దండు వేసుకున్నాడు. 1806లో దానికి నిజాం సికందర్‌జా పేర సికింద్రాబాదని పేరుపెట్టారు. 1878లో అక్కడ దండు అధికారుల క్లబ్బు వెలసింది. అదే తరువాత సికింద్రాబాదు క్లబ్బు. బల్లదగ్గర బీరు, లోపల నాట్యశాల, అతిథులకు గదులు. మా మిత్రుడు మెచ్చిన సరంజామా అంతా వుంది. ఆ పాత భవనం 2022 జనవరి 16న అగ్నిప్రమాదంలో చాలాభాగం తగలబడింది. ఐతే క్లబ్బు ఇన్ను కాదు. క్లబ్బు తలుపు సభ్యుడికి, ఆ సభ్యుడు ఎవరో ముందే తెలుసు. ఇంగ్లీషువాడు తన దేశంనుంచి పియానో తెచ్చాడు, బిలియర్డు బల్ల తెచ్చాడు, బీరు పీపాలు తెచ్చాడు. వచ్చినవాడికి తలుపు తీయాలనే నియమాన్ని మాత్రం ఓడ ఎక్కించలేదు. ఇక్కడి కులం అతనికి అనుకూలంగానే వుంది, తానే పై కులమై కూర్చున్నాడు.

పైగది ఎంత ప్రాణాంతకమైన విషయమో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1917లో అంబేడ్కరుగారు విదేశాల్లో చదివి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చారు. హిందూ హోటలు ఏదీ చోటివ్వదని తెలుసు. పార్సీల సత్రానికి పోయి, పార్సీ పేరు పుస్తకంలో రాయించి, మేడమీద గదిలో దిగారు. రాత్రిళ్ళు దీపం సరిగా లేని ఆ పై అంతస్తులో పాత సామాన్ల మధ్య ఒంటరిగా గడిపారు. పదకొండో రోజు ఉదయం పది పన్నెండుమంది పార్సీలు కర్రలు పట్టుకొని మెట్లెక్కి వచ్చి, నువ్వెవరివి అని నిలదీశారు. సాయంకాలంలోగా గది ఖాళీ చెయ్యమన్నారు. స్నేహితులని నమ్మినవారు చోటివ్వలేదు. ఉద్యోగం వదిలి రైలెక్కవలసివచ్చింది. కొలంబియా విశ్వవిద్యాలయం పట్టా ఆ మెట్లమీద పనికిరాలేదు. ఇది ఆయనే స్వయంగా రాసిపెట్టిన అనుభవం.

అటు లండనులో 1943లో వెస్టిండీస్ క్రికెట్ వీరుడు లియరీ కాన్‌స్టంటైన్ లార్డ్స్‌లో ఆటకోసం వచ్చి ముందే గదులు మాట్లాడుకున్న ఇంపీరియల్ హోటలుకు పెళ్ళాం బిడ్డతో పోయాడు. నల్లవాడివి, ఒక్క రాత్రికి మించి వుండనివ్వం, అమెరికన్ అతిథులు ఒప్పుకోరు అన్నారు. ఆయన దావా వేశాడు. వర్ణవివక్ష తప్పని చెప్పే చట్టం అప్పటికి ఇంగ్లండులో లేదు. ఆయన పట్టుకున్నది ఆ పాత ఇన్ను నియమాన్నే: నేను బాటసారిని, గది వుంది, సొమ్ము వుంది. 1944లో జస్టిస్ బర్కెట్ ఆయన పక్షాన తీర్పు చెప్పాడు. నష్టపరిహారం అయిదు గినీలు మాత్రమే. కాని తీర్పు తీర్పే. గుర్రాలమీద తిరిగే వర్తకుడికోసం పుట్టిన నియమాన్ని బానిసల మనుమడు తన చేతిలోకి తీసుకున్నాడు. ఇందాక నేను చెప్తానన్నది ఇదే.

పైగది లేని పానశాలల్లో ఆ రక్షణ ఎంత లేదో కూడా చూడాలి. 1964లో బ్రిస్టల్‌లో బే హార్స్ పబ్బులో పాల్ స్టీఫెన్‌సన్‌కు బీరు పోయలేదు. పోసేదాకా కదలనన్నందుకు పోలీసులు పట్టుకుపోయారు. కోర్టు కేసు కొట్టివేసింది. స్మెత్‌విక్ ఇనుప ఫౌండ్రీల్లో చెమటోడ్చే పంజాబీ కార్మికులను పబ్బులు వేరే గదిలోకి తోసేవి. భారత కార్మిక సంఘం ఆహ్వానంమీద 1965 ఫిబ్రవరి 12న మాల్కం ఎక్స్ ఆ పట్నం వచ్చి, అవతార్‌సింగ్ జౌహల్‌తో కలిసి బ్లూ గేట్స్ పబ్బుకు పోయి, ఆ సంగతి లోకానికి చూపించాడు. తొమ్మిది రోజుల తరువాత న్యూయార్కులో ఆయన్ని కాల్చి చంపారు. ఆ ఏడు చివరకు వచ్చిన జాతిసంబంధాల చట్టం హోటళ్ళతోపాటు పబ్బులనూ చేర్చింది. మా మిత్రుడు దిగిన హాయైన గదికి దారివేసినవారిలో ఈ ఫౌండ్రీ కూలీలున్నారు.

మన దగ్గర రైలు కొంత కదిలించింది. డబ్బాలో అందరూ ఒక బెంచీమీద కూర్చోవలసి వచ్చింది, అయినా స్టేషనులో హిందూ పానీ, ముస్లిం పానీ అని నీళ్ళను విడదీశారు. నాంపల్లి స్టేషనెదుట 1919లో ఏడవ నిజాం కట్టించిన సరాయి రైలు దిగిన పేదవాడికి తక్కువ ఖర్చుతో చోటు ఇచ్చింది. అంతకుమించి పనిచేసింది ఇరానీ హోటలు. ఇరాన్‌నుంచి వచ్చినవాడికి మన కులం లెక్క తెలియదు, తెలిసినా వ్యాపారానికి అడ్డు. పాలరాతి బల్లమీద ఒక చాయ్, ఒక ఉస్మానియా బిస్కట్టు ముందు పెట్టుకొని రిక్షా కార్మికుడూ వకీలూ కూర్చున్నారు. ఆబిడ్స్‌లో ఓరియంట్ హోటలు మఖ్దూం మొహియుద్దీన్‌కూ ఆయన మిత్రులకూ అడ్డా. మన దేశంలో పబ్బు చేయవలసిన పని చాయ్ హోటలు చేసింది. దానికీ పైగది లేదు.

రాజ్యాంగం పదిహేనవ అధికరణం దుకాణాల్లో, హోటళ్ళలో కులం మతం పేర ఎవరినీ ఆపకూడదన్నది. 1955 జూన్ 1న అమలులోకి వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టం ఇంకా కింది వివరాల్లోకి దిగింది. హోటలు, ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానా అని పేర్లు పెట్టి, అక్కడి పాత్రలు వాడుకోనివ్వకపోవడాన్ని నేరం చేసింది. పాత్ర అంత చిన్న వస్తువు చట్టంలోకి ఎందుకెక్కిందో, పల్లె హోటలులో రెండు గ్లాసుల పద్ధతి చూసినవారికి వివరించనక్కరలేదు. చట్టం వచ్చిన ఎన్నో ఏళ్ళకు కూడా ఒక గ్లాసు బల్లమీద, ఒక గ్లాసు చూరులో వుండేది.

ఇప్పుడు విమానాశ్రయం దారిలోని ఆ లాడ్జి మెట్ల దగ్గరకు తిరిగి రావచ్చు. ఆ మేడ ఇన్నుకు వారసు కాదు, సత్రానికీ సరాయికీ కాదు. మండువ తాగుడును తీసుకొని, సత్రం పడకను తీసుకొని, రెండింటినీ అద్దెలెక్కమీద అతికించారు. సత్రంలో వున్న మర్యాద రాలేదు, మండువలో వున్న పొత్తూ రాలేదు. నీచమైంది అందుకే గాని, కింద సీసా వున్నందుకు కాదు. అయినా దాన్ని పూర్తిగా తీసిపారేయడానికి నాకు మనసొప్పదు. గల్ఫుకు పోయే కుర్రవాడిని అక్కడ కులం అడగరు. వాడి తాత ఏ సత్రంలోనూ అరుగెక్కని మనిషైనా సరే, వాడు మెట్లెక్కి తాళంచెవి తీసుకుంటాడు.

కులం అడగరు, ఆధార్ అడుగుతారు. పైగా అమీరు షంసుల్ ఉమ్రా పేరుమీద వెలసిన షంషాబాదులో 2008 మార్చి 23న విమానాలు దిగడం మొదలైంది. ఆ తరువాత నాలుగైదేళ్ళకే బాలాపూర్ ప్రాంతానికి వేరొకరకం బాటసారులు వచ్చారు. బర్మాలో ఇళ్ళు తగలబెట్టగా, బంగ్లాదేశ్ మీదుగా, కాలినడకనా రైళ్ళమీదా వచ్చిన రోహింగ్యాలు. ఖాళీ స్థలాలు అద్దెకు తీసుకొని, వెదుళ్ళూ ప్లాస్టిక్ పట్టాలతో గుడిసెలు వేసుకున్నారు. చెత్త ఏరి, భవనాల పనుల్లో కూలిచేసి బతుకుతున్నారు. వారి దగ్గర ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు వుంది. 1951 నాటి శరణార్థుల ఒడంబడికమీద భారతదేశం సంతకం చేయలేదు గనుక ఆ కార్డుకు మన చట్టంలో ఆధారం లేదు, కౌంటరు దగ్గర కూర్చున్న కుర్రవాడికి దాన్ని ఎక్కడ రాసుకోవాలో తెలియదు. గుడిసెల పట్టాలమీద నీళ్ళు నిలిచే వానాకాలపు రాత్రి, అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, బారు మీది గదుల్లో సగం ఖాళీగా వుంటాయి.